పనీ పాటా: ఏ పనికి ఏ రేడియో?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు రేడియో గురించే. నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియరు, చేసే పనులు వేరు, వయసులు వేరు. నాకు ఇష్టమైన సంగతి కాబట్టి ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. ఇంటి అద్దె అడ్వాన్సు గురించి, పీజీ హాస్టల్ భోజనం గురించి రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల మీదే.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. బెల్లందూరులో టెస్టింగ్ ఉద్యోగం. వారంలో మూడు రోజులు రూమ్ నుంచే పని. రూమ్మేట్ ఊరెళితే రోజంతా పలకరించే మనిషి ఉండడు. పాటలు పెట్టుకుంటే మధ్యలో ప్రకటనలు. ఒక పాట నచ్చక ఇంకోటి, అదీ నచ్చక మరోటి. గంటలో పావుగంట పాట మార్చడానికే పోతోంది. ఇక్కడి ఎఫ్ఎం పెడితే కన్నడ పాటలు, ఆర్జేల కబుర్లు. పని చేసుకుంటూ వినడానికి మంచి ఆన్‌లైన్ రేడియో ఏదో చెప్పండి. తెలుగే కావాలని లేదు.

జవాబు: తమ్ముడూ, పావుగంట పాట మార్చడానికే పోతోందని రాశావు చూడు, నీ ఇబ్బంది మొత్తం అందులోనే ఉంది. పాట ఎంచుకోవడం కూడా ఒక పనే. చేతిలో లక్ష పాటలు ఉంటే ప్రతి పాట దగ్గరా ఇంతకంటే మంచిది ఉందేమోనని మనసు పీకుతూనే ఉంటుంది. రేడియోలో ఆ బరువు మన మీద ఉండదు. ఎక్కడో ఒకరు కూర్చుని వరస పేర్చారు, మనం వింటాం. నచ్చని పాట వస్తే మూడు నాలుగు నిమిషాలు ఓర్చుకుంటాం, అదే వెళ్లిపోతుంది.

కానీ మంచి రేడియో ఏదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ పనికి ఏ రేడియో అని అడుగు, చెబుతాను. ఇది నేను మా నాన్నను చూసి నేర్చుకున్నాను.

మా నాన్న తెనాలిలో బియ్యం మిల్లులో గుమస్తా. రాత్రి భోజనాలయ్యాక రోజువారీ లెక్కల చిట్టా పుస్తకం ముందేసుకుని, ఖాతాల పుస్తకమైన ఆవర్జాలోకి ఎక్కించేవారు. బల్ల మీద ఎడమవైపు రేడియో, కుడివైపు సిరాబుడ్డి. పేర్లూ బస్తాలూ రాస్తున్నంతసేపూ విజయవాడ కేంద్రం పాటో నాటకమో వస్తూనే ఉండేది. పేజీ అడుగుకు వచ్చి కూడిక మొదలుపెట్టే సరికి, తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి వెళ్లి నాబ్ తిప్పేది. మాట సన్నబడి సన్నబడి దోమ రొద అంత అయ్యేది. మొత్తం వేసి, దాని కింద రెండు గీతలు గీశాక చెయ్యి మళ్లీ నాబ్ మీదికి వెళ్లేది. అందుకే మా ఇంట్లో ఏ నాటకమూ పూర్తిగా విన్నది లేదు. అమ్మ వంటింట్లోంచి "ఆ పిల్ల పెళ్లికి ఒప్పుకుందా?" అని అడిగేది. నాన్నకు తెలిసేది కాదు, ఆ మాట వచ్చేటప్పటికి ఆయన కూడికలో ఉండేవారు.

ఇప్పుడు నాదీ లెక్కల పనే. రామమూర్తి నగర్‌లో ఇంట్లోనే కూర్చుని 22 దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను కట్టే 3బి. బిల్లులు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు పాట లేకపోతే పని సాగదు. జీఎస్టీ పోర్టల్ లెక్కకూ షాపు లెక్కకూ తేడా ఎక్కడ వచ్చిందో వెతికేటప్పుడు మాత్రం మనిషి గొంతు వినపడకూడదు. ఒకే ఒకసారి ఈ నియమం తప్పాను. మంచి నాటిక వస్తోంది, కట్టెయ్యబుద్ధి కాలేదు. ఒక హార్డ్‌వేర్ షాపు కొనుగోలు బిల్లు 14,300 అయితే 41,300 కొట్టాను. మర్నాడు రిటర్ను వెయ్యాలనగా రాత్రి పదకొండింటికి దొరికింది. ఆ షాపాయన నన్ను నమ్మి ఒక్క కాగితం కూడా తిరిగి చూడడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. చెవిన మాట పడుతుంటే అంకెల వరస గుర్తుంచుకోవడం కష్టమవుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. ఆ మాట మనకు రాని భాషలో ఉన్నా ఆ ఇబ్బంది తప్పదట. ఇక చదవడం, రాయడం లాంటి పనుల్లో తెలిసిన భాష ఇంకా ఎక్కువ అడ్డుపడుతుంది. మనం వద్దనుకున్నా చెవి అర్థం లాగేసుకుంటుంది.

అందుకని ముందు నీ పనిని విడదీసుకో. టెస్టింగ్ అంటే రోజంతా ఒకే పని కాదు గదా. అవే టెస్టులు చేత్తో మళ్లీ మళ్లీ నడపడం ఒకటి. దొరికిన తప్పు గురించి వివరంగా రాయడం ఇంకొకటి. అసలు ఎందుకు తప్పుతోందో తేలక బుర్ర బద్దలు కొట్టుకోవడం మరొకటి.

మొదటి దానికి తెలుగు పాటలు హాయిగా పెట్టుకో. ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని ఆకాశవాణి కేంద్రాలు 200కు పైగా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్ఎం రెయిన్‌బో, విజయవాడ రెయిన్‌బో అందులో పెట్టుకోవచ్చు. నేనైతే మధ్యాహ్నం రెండున్నరకు, అన్నం తిన్న మగత కమ్ముకునే వేళ, వీటిలో ఒకటి పెడతాను. తెలిసిన పాట వస్తే పెదవి దానంతట అదే కదులుతుంది, కన్ను మూతపడదు.

రాసే పనికి సగం తెలిసిన భాష కావాలి. నాకు హిందీ అలాంటిది. 1957లో మొదలైన వివిధ్ భారతి ఇవాళ్టికీ నా పగటి తోడు. పాత హిందీ పాటలో రాగం పట్టుకుంటాను, మాట సగమే అందుతుంది, నా వాక్యానికి అడ్డు రాదు. నీకు హిందీ బాగా వచ్చంటే పారిస్ నుంచి వచ్చే ఫిప్ విను. ఫ్రెంచి ప్రభుత్వ రేడియో వాళ్లది, 1971 నుంచి ఉంది. జాజ్ తర్వాత ఆఫ్రికా పాట, దాని తర్వాత పియానో, ఏది వచ్చినా అతుకు తెలియకుండా కలుపుతారు. మధ్యలో ఒక అమ్మాయి మెల్లగా నాలుగు మాటలు చెప్పి తప్పుకుంటుంది. ఆ నాలుగు మాటలూ ఫ్రెంచే కాబట్టి మనకు గాలి కదిలినట్టు ఉంటుంది.

ఇక బుర్ర బద్దలయ్యే పని. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

2016 జనవరి 26న ఆకాశవాణి "రాగం" అని 24 గంటల శాస్త్రీయ సంగీత ఛానల్ పెట్టింది. పెట్టింది మన బెంగళూరు నుంచే. నీ గదికి ఇంత దగ్గర్లో పుట్టిన ఛానల్ నీకు తెలియకపోవడం నాకు బాధగా ఉంది, అందుకే పట్టుపట్టి చెబుతున్నాను. అదే యాప్‌లో దొరుకుతుంది. కర్ణాటకమూ హిందుస్తానీ రెండూ వస్తాయి. వీణ, వేణువు, సితార్ లాంటివి మొదలైతే ఒక్కోటి చాలాసేపు సాగుతుంది. నీ పాటల పట్టికలో నాలుగు నిమిషాలకోసారి వచ్చే కుదుపు ఇక్కడ ఉండదు. ఆలాపన నెమ్మదిగా మొదలై పెరుగుతుంటే నీ ఆలోచనా దాని పక్కనే నడుస్తుంది. తనియావర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే మోగే చోట, మృదంగం ఊపందుకునే సరికి చాలాసార్లు నా లెక్కలో తేడా కూడా దొరికిపోయి ఉంటుంది. సంగీతం నేర్చుకోనక్కర్లేదు, నాకూ రాదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది, అది మన తెలుగువాళ్లకే. గాత్రం వస్తే నేను ఛానల్ మారుస్తాను. త్యాగయ్య కీర్తన వస్తే మా పక్కింటి తమిళావిడకు అది రాగం, నాకు మాట. ఆయన రాముడితో పోట్లాడుతుంటే నేను బిల్లు మధ్యలో ఆగిపోయి వింటాను. కర్ణాటక సంగీతంలో మన భాష అంత ఉండటం మనకు దక్కిన అదృష్టమే, కాకపోతే దాన్ని తీరిక వేళకు ఉంచుకోవాలి. అలాంటప్పుడు నేను వెళ్లేది సోమా ఎఫ్ఎంకు. సాన్ ఫ్రాన్సిస్కో వాళ్లది, 2000లో మొదలైంది, ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ప్రకటనలు లేవు, వినేవాళ్లు ఇచ్చే చందాలతో నడుస్తుంది. అందులో గ్రూవ్ శాలడ్ అని ఒక ఛానల్, డ్రోన్ జోన్ అని ఇంకొకటి. డ్రోన్ జోన్‌లో తాళం కూడా దాదాపు ఉండదు, పొగమంచులో నడిచినట్టు ఉంటుంది. రాత్రి షిఫ్టు వాళ్లకు గ్రూవ్ శాలడే చెబుతాను, డ్రోన్ జోన్ అయితే నిద్ర వచ్చేస్తుంది.

ఇంగ్లిషు పాటలు ఇష్టమైతే రేడియో ప్యారడైజ్ ఉంది. అదీ 2000లోనిదే, దానికీ ప్రకటనలు లేవు.

ఇంకొక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, బీబీసీ వాళ్లు ఫ్యాక్టరీ కార్మికుల కోసమే ఒక సంగీత కార్యక్రమం పెట్టారు. 1967 దాకా నడిచింది. మర శబ్దంలో వినపడేలా, చెయ్యి వేగం తగ్గకుండా పాటలు ఏరేవాళ్లు. చప్పట్లు కొట్టించే పాట ఒకటి పక్కన పెట్టేశారు, కార్మికులు పనిముట్లతో తాళం వేస్తూ యంత్రాల మీద కొడతారని. నాకు అందులో బాగా నచ్చింది వేరే. ఆ కార్యక్రమం మొదట్లో రోజుకు రెండుసార్లే వచ్చేది, అదీ అరగంట చొప్పున. పొద్దున్న కాస్త అలుపు వచ్చే వేళ ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి. రోజంతా మోగించలేదు. నువ్వు కూడా ఎనిమిది గంటలూ పెట్టకు. గంటన్నర విను, అరగంట కట్టెయ్యి. ఫ్యాన్ చప్పుడు వినపడాలి, కింద కొబ్బరిబోండాల బండివాడి కేక వినపడాలి. అప్పుడు మళ్లీ పెడితే పాట కొత్తగా ఉంటుంది.

వీటిలో ఏదీ కుదరకపోతే సొంతంగా వెతుక్కో. రేడియో గార్డెన్ అని ఒకటుంది, 2016లో నెదర్లాండ్స్‌లో తయారైంది. తెర మీద భూగోళం, దాని నిండా ఆకుపచ్చ చుక్కలు. చుక్క దగ్గర ఆపితే ఆ ఊళ్లో ఆ నిమిషాన ఏం వస్తోందో వినపడుతుంది. అద్భుతమైన వస్తువు. అందుకే పనివేళ దాని జోలికి వెళ్లొద్దు, ఆదివారం ఒక గంట కూర్చుని నాలుగైదు గుర్తుపెట్టుకో. ఒక్కోదాన్ని మూడు రోజులు, పని చేసుకుంటూనే, ఒకే వేళకు విను. పాట మారినప్పుడు తల ఎత్తావంటే అది పనివేళకు పనికిరాదు. ఆ మూడు రోజుల్లో అది వస్తోందన్న సంగతే మర్చిపోయి, కట్టేశాక వెలితి అనిపించిందా, అదే నీది.

కన్నడ ఎఫ్ఎంను అప్పుడే తోసెయ్యకు. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఒక్క ముక్క రాదు. ఆకాశవాణి వాళ్ల 101.3 పెట్టుకుని బిల్లులు రాసుకునేదాన్ని, అర్థం కాదు కాబట్టి అంతగా అడ్డమూ రాదు. రెండేళ్లకు అర్థం కావడం మొదలైంది. ఇప్పుడు పనివేళ పెట్టలేను, వంటింటికి మార్చాను. నా దుకాణాలవాళ్లలో సగం మందితో కన్నడంలోనే మాట్లాడతాను. అదంతా ఆ రేడియో పెట్టిన భిక్షే.

ప్రశ్న: అమ్మా, మాది మదనపల్లె దగ్గర పల్లె. కె.ఆర్.పురంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఎనిమిది దాకా మిషన్ మీదే. ఫోన్‌కు రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంది, సాయంత్రం పిల్లోడి చదువుకూ అదే వాడాలి. ఆన్‌లైన్ రేడియో రోజంతా పెడితే నెట్ అయిపోదా? మిషన్ చప్పుడులో సరిగ్గా వినపడదు కూడా.

జవాబు: అయిపోదు చెల్లీ. లెక్క నేను కట్టి చూపిస్తాను. ఆన్‌లైన్ రేడియో ఎంత నెట్ తింటుందో దాని బిట్‌రేటు చెబుతుంది. 64 కేబీపీఎస్, అంటే సెకనుకు 64 కిలోబిట్లు అయితే గంటకు 29 ఎంబీ. ఎనిమిది గంటలు విన్నా 230 ఎంబీ, అంటే నీ ఒకటిన్నర జీబీలో ఆరో వంతు కూడా కాదు. 128 అయితే దానికి రెట్టింపు, 460 ఎంబీ దాకా. 320 పెట్టావంటే మాత్రం ఒక జీబీ దాటుతుంది, పిల్లాడికి మిగలదు. మిషన్ చప్పుడులో 320కీ 64కీ తేడా ఎలాగూ తెలియదు. కొన్ని స్టేషన్లలో తక్కువ, ఎక్కువ అని రెండు మూడు రకాలు ఇస్తారు, తక్కువది నొక్కు. ఏఏసీ అని రాసి ఉంటే ఇంకా మంచిది, తక్కువ నెట్‌తోనే ఎంపీత్రీ కంటే శుభ్రంగా వినిపిస్తుంది. పాట కోసం వీడియో పెట్టే అలవాటుంటే అది మానెయ్యి. నువ్వు చూడని బొమ్మకు నెట్ పోతోంది.

అసలు నెట్ లేకుండా వినే దారి కూడా ఉంది. నీ ఫోన్‌లో ఎఫ్ఎం ఉందేమో చూడు. ఉంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్ గుచ్చాలి, ఆ తీగే దానికి ఏరియల్. గుచ్చాక స్పీకర్ నొక్కితే బయటికే వినిపిస్తుంది. బెంగళూరు వివిధ్ భారతి 102.9లో వస్తుంది.

చప్పుడు సంగతి. ఫోన్‌ను మిషన్ బల్ల మీద పెడుతున్నావు, అవునా? బల్ల అదురుతుంటే మాట పగులుతుంది. గోడకు ఒక చిన్న పలక కొట్టించి, కూర్చున్నప్పుడు నీ చెవి ఎత్తుకు వచ్చేలా ఫోన్ అక్కడ పెట్టు. శబ్దం పెంచక్కర్లేకుండానే వినపడుతుంది. మిషన్ తొక్కుతూ రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. సూది విరిగే ముందు, దారం చిక్కుపడే ముందు మిషన్ చప్పుడు మారుతుంది. అది నీకు వినపడాలి.

కొలతలు తీసుకుని గుడ్డ కత్తిరించేటప్పుడు రేడియో కట్టెయ్యి, మా నాన్న కూడికలాగా. కత్తెర పడ్డాక వెనక్కి తీసుకోలేం. చీరలకు ఫాల్ కుట్టేటప్పుడు, హుక్కులు వేసేటప్పుడు నీ ఇష్టం వచ్చింది పెట్టుకో. మీ వైపు మాట వినాలనుంటే అదే న్యూస్ ఆన్ ఎయిర్‌లో తిరుపతి, కడప కేంద్రాలున్నాయి. మా చిన్నప్పుడు తెనాలి టైలరు షాపుల్లో సిలోన్ రేడియో తెలుగు కార్యక్రమం వచ్చే వేళకు మిషన్లు ఒక్క క్షణం ఆగేవి. అనౌన్సరు మీనాక్షీ పొన్నుదొరై గారు పాట కోరినవాళ్లలో ఏ ఊరివాళ్ల పేర్లు చదువుతారో వినాలి గదా. పేర్లు అయ్యాక, పాట మొదలయ్యాక, అన్ని మిషన్లూ ఒక్కసారే కదిలేవి. టైలరు పనీ రేడియో ఎప్పటినుంచో కలిసి బతికినవే.

ప్రశ్న: కోరమంగళలో ఆఫీసు. మా లాప్‌టాప్‌లో రేడియో సైట్లేవీ తెరుచుకోవు. దొడ్డిదారి ఏదైనా ఉందా? పైగా రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సాయంత్రానికి చెవుల్లో గుయ్ మంటోంది.

జవాబు: దొడ్డిదారి చెప్పను. లాప్‌టాప్ వాళ్లది, మూసింది వాళ్లు. మీ ఫోన్, మీ నెట్ వాడుకోండి, పైన రాసిన లెక్క ప్రకారం పెద్ద ఖర్చు కాదు.

గుయ్ మనడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సరిగ్గా ఆఫీసు వారమంత కాలం. చుట్టూ గోల ఎక్కువైతే మనం తెలియకుండానే శబ్దం పెంచుతాం, పొద్దున్న పెట్టిన చోట సాయంత్రం ఉండదు. పక్క సీటు మనిషి మామూలు గొంతుతో మీ పేరు పిలిస్తే వినపడాలి, అక్కడే ఆపండి. ఒక వారం పాటు సగం సమయమే వినండి. అప్పటికీ గుయ్ మంటుంటే ఇక ఆలస్యం చెయ్యకుండా చెవి డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: అమ్మాయీ, నేను రిటైరైన తెలుగు మాష్టారిని. మాది గుంటూరు జిల్లా. ఏడాదిగా వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఊరి చరిత్ర రాస్తున్నాను, వాడుకలోంచి పోయిన మాటలతో సహా. రాసుకుంటూ విజయవాడ కేంద్రం వినాలని కోరిక. మనవడు ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు, కానీ తెర ఆరిపోయిన కాసేపటికి మాట కూడా ఆగిపోతుంది. ఇంకో సంగతి, గంట కొట్టే బీప్ గోడ గడియారం కంటే వెనకబడి వస్తోంది. గడియారం సరైనదే. దోషం ఎక్కడ?

జవాబు: నమస్కారం మాష్టారూ. దోషం గడియారంలోనూ లేదు, ఆకాశవాణిలోనూ లేదు.

తెర ఆరగానే ఆగిపోవడం ఫోన్ చేసే పని. బ్యాటరీ మిగల్చాలని, కనపడని యాప్‌లను అది నిద్రపుచ్చుతుంది. మీ మనవణ్ణి అడగండి: సెట్టింగ్స్‌లో ఆ రేడియో యాప్ పేరు నొక్కి, బ్యాటరీ అనే చోట పరిమితి లేదన్నట్టు పెట్టమనండి. ఒక్కసారి చేస్తే చాలు. ఫోన్ చార్జింగ్‌లో ఉంచి, చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి తెప్పించుకోండి. స్పీకర్ మీ రాతబల్ల మీద, ఫోన్ ఇంకోచోట ఉంటే మెసేజీల బాధ కూడా ఉండదు.

ఇక బీప్. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రాన్ని మీరు మన ఊళ్లో సెట్టులో 837 దగ్గర పట్టుకునేవారు. అప్పుడు ఆ మాట తరంగంగా నేరుగా వచ్చేది, ఆలస్యం అనేదే లేదు. ఇప్పుడు అదే మాటను చిన్న చిన్న ముక్కలుగా కట్టి నెట్‌లో పంపుతున్నారు. మీ ఫోన్ వాటిని వచ్చింది వచ్చినట్టు వినిపించదు. దారిలో ఒక ముక్క ఆలస్యమైనా మాట తెగకూడదని కొన్ని పోగుచేసుకుని, అప్పుడు వినిపిస్తుంది. గాదెలో నాలుగు బస్తాలు ఉంచుకుని వాడుకున్నట్టు. ఆ పోగుబాటు వల్లే బీప్ వెనకబడుతోంది. కాబట్టి దాన్ని చూసి గడియారం దిద్దకండి, మాట తెగకుండా వస్తున్నందుకు సంతోషించండి.

మీరు అడగకపోయినా ఒకటి మనవి చేస్తాను. మీరు రాస్తున్నది తెలుగు, అదీ పాత తెలుగు. రాస్తుండగా తెలుగు మాట వింటే అనౌన్సరు మాట మీ వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది. మీరు వెతుకుతున్న మీ ఊరి మాట పక్కకు జరుగుతుంది. రాసేటప్పుడు, పైన తమ్ముడికి చెప్పినట్టు, "రాగం" పెట్టుకోండి. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్ ఎప్పుడైనా తగిలితే మీ కలం మీరు చెప్పకుండానే నడుస్తుంది. విజయవాడను పొద్దున్నకు ఉంచుకోండి. వాల్టర్ కౌఫ్‌మన్ 1936లో కట్టిన ఆ ఆకాశవాణి ట్యూన్, దాని వెనక బాలాంత్రపు రజనీకాంతరావు గారు పెట్టి వెళ్లిన భక్తిరంజని, వార్తలు, పొలం కబుర్లు అయ్యాక కాఫీ తాగి బల్ల దగ్గరికి రండి. పొలం కబుర్లు వదలకండి. అక్కడ రైతులు మాట్లాడే మాటల్లో మీ పుస్తకానికి కావలసినవి దొరుకుతాయి, పక్కన ఒక కాగితం ఉంచుకోండి.

నాకూ పొద్దున్న ఆరు నుంచి ఏడు విజయవాడే. మా అక్క తెనాలిలోనే ఉంటుంది, దానికి నాన్న కాలం నాటి అలవాటు పోలేదు, ట్రాన్సిస్టరే వింటుంది. ఆదివారం ఇద్దరం ఫోన్ పెట్టుకుని కూరలు తరుగుతూ వింటాం. దాని రేడియో మాట నాకు ఫోన్‌లోంచి ముందే వినపడుతుంది, నా స్పీకర్‌లో అదే మాట వెనకగా వస్తుంది. మొన్న ఒక పాట మొదలవగానే అక్క కత్తిపీట ఆపేసి "ఒసేయ్, నాన్న పాటే!" అంది. ఏ పాటో అడిగాను, చెప్పలేదు, "ఉండు, నీ దగ్గరికీ వస్తోంది" అంది. చేతిలో సగం తరిగిన బెండకాయ పట్టుకుని నేను స్పీకర్ వైపు చూస్తూ నిలబడ్డాను.